మెక్స్ట్ స్కాలర్‌షిప్‌కి అప్లై చేయాలంటే: ముందు రీసెర్చ్ ప్లాన్, తర్వాతే మిగతావన్నీ

జపాన్‌లో చదవాలని ఉంది అని ఇంట్లో చెప్పగానే "అంత డబ్బు ఎక్కడినుంచి తెస్తాం" అనే మాట వస్తుంది. ఆ ఒక్క మాటకే ఆగిపోయిన మంచి విద్యార్థులు నాకు తెలుసు, అందుకే ఇది రాస్తున్నా. జపాన్ విద్యాశాఖని ఇంగ్లిష్‌లో పొట్టిగా మెక్స్ట్ అంటారు. వాళ్లు 1954 నుంచి విదేశీ విద్యార్థులకి స్కాలర్‌షిప్ ఇస్తున్నారు. ట్యూషన్ ఫీజు లేదు, రానుపోను విమాన టికెట్ వాళ్లే ఇస్తారు, పైగా నెలనెలా స్టైపెండ్. 2024 లెక్క ప్రకారం రీసెర్చ్ స్టూడెంట్‌గా (డిగ్రీ కోర్సులో చేరేముందు ల్యాబ్‌లో ఉండే దశ) ఉన్నప్పుడు నెలకి 1,43,000 యెన్‌లు, మాస్టర్స్‌లో చేరాక 1,44,000, పీహెచ్‌డీలో 1,45,000. మన డబ్బుల్లో దాదాపు 80 వేలు, జాగ్రత్తగా ఉంటే ఇంటినుంచి తెప్పించుకోకుండా గడిచిపోతుంది.

అప్లికేషన్‌కి ఫీజు లేదు. ఫారాలన్నీ ఎంబసీ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. మా జూనియర్ ఒకతను ఒక కన్సల్టెన్సీకి డబ్బు కట్టి "గ్యారంటీ సీటు" అనుకున్నాడు, చివరికి వాళ్లు చేసింది ఆ ఉచిత ఫారాన్నే నింపడం, అదీ తప్పులతో. ఆ డబ్బు వాళ్ల నాన్న అప్పు చేసి తెచ్చింది. దయచేసి ఎవరికీ ఒక్క రూపాయి ఇవ్వకండి.

దారులు రెండు. ఒకటి ఎంబసీ రికమెండేషన్, అంటే దిల్లీలోని జపాన్ రాయబార కార్యాలయం ద్వారా. రెండోది యూనివర్సిటీ రికమెండేషన్, అక్కడి యూనివర్సిటీయే మీ పేరు పంపుతుంది. ఒకే ఏడాదికి రెండింటికీ అప్లై చేయకూడదు. అక్కడ ప్రొఫెసర్ ఎవరూ ఇంకా తెలియనివాళ్లకి ఎంబసీ దారే మంచిది, అందుకే ఇక్కడ దాని గురించే చెబుతున్నా. మాస్టర్స్, పీహెచ్‌డీకి వెళ్లాలనుకునేవాళ్లు అప్లై చేసే రీసెర్చ్ స్టూడెంట్ కేటగిరీకి వయసు 35 లోపు ఉండాలి, డిగ్రీ పూర్తయి ఉండాలి లేదా వెళ్లేలోపు పూర్తవ్వాలి. నోటిఫికేషన్ సాధారణంగా ఏప్రిల్, మే నెలల్లో వస్తుంది, తేదీలు ఏటా కొంచెం మారతాయి.

నోటిఫికేషన్ వచ్చాక మొదలుపెడితే మాత్రం ఆలస్యమే. జనవరిలోనే కూర్చోండి.

అన్నిటికన్నా ముఖ్యమైంది రీసెర్చ్ ప్లాన్. మార్కులు తక్కువ ఉన్నాయని టెన్షన్ పడేవాళ్లు దీన్ని ఆఖరి రాత్రి రాస్తారు. నేనూ మొదటిసారి అలాగే రాసి పోగొట్టుకున్నా. "నానో టెక్నాలజీతో నీటి శుద్ధి" అని రాశాను. అది చదివినవాళ్లకి నేను ఏం చేయబోతున్నానో ఒక్క ముక్క అర్థం కాదు, నాకే సరిగ్గా తెలియదు కాబట్టి.

రెండోసారి ఎలా మార్చానో చెబుతా, మీ సబ్జెక్ట్ వేరైనా పద్ధతి ఇదే. మాది నల్గొండ వైపు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై కాళ్లు వంకర్లు పోయిన మనుషుల్ని చిన్నప్పటినుంచి చూస్తూ పెరిగాం. మా జిల్లా పేరుతోనే ప్రపంచానికి తెలిసిన పద్ధతి ఒకటి ఉంది, నల్గొండ టెక్నిక్. నాగ్‌పూర్‌లోని నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ తయారుచేసింది. నీళ్లలో పటిక, సున్నం కలిపి, అడుగున పేరుకున్న మడ్డితో పాటు ఫ్లోరైడ్‌ని తీసేస్తారు. చవకైనదే, కానీ శుద్ధి చేసిన నీళ్లలో అల్యూమినియం కొంత మిగిలిపోతుంది, ఆ మడ్డిని ఎక్కడ పారబోయాలన్నది ఇంకో సమస్య. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన పరిమితికి లోపల ఫ్లోరైడ్‌ని ఉంచుతూ, ఈ మిగులు అల్యూమినియాన్ని కూడా తగ్గించే పదార్థం ఒకటి తయారుచేసి పరీక్షించాలి, అదే నా ప్రశ్న. చూశారా, సమస్య ఎక్కడ ఉందో, ఇప్పటిదాకా ఎవరు ఏం చేశారో, ఏది మిగిలిపోయిందో, నేను ఏ భాగం పట్టుకుంటానో కొన్ని వాక్యాల్లోనే వచ్చేసింది. ఆ తర్వాత మొదటి ఆరు నెలలు ఏం చేస్తారు, ఏ పరికరాలు కావాలి, ఫలితాన్ని ఎలా కొలుస్తారు అన్నది రాయాలి. రెండేళ్లలో ఒక మనిషి చేయగలిగినంతే రాయండి. రాసింది మీ సబ్జెక్ట్ తెలియని ఫ్రెండ్‌కి ఇచ్చి చదివించండి, వాళ్లకి అర్థం కాకపోతే మళ్లీ రాయండి. నేను తొమ్మిదిసార్లు రాశాను.

ఇక ప్రొఫెసర్‌ని వెతకడం. గూగుల్‌లో యూనివర్సిటీ ర్యాంకులు చూసి టోక్యో, క్యోటో అని పెట్టేయకండి. కాకెన్ అనే డేటాబేస్ ఉంది, జపాన్ ప్రభుత్వం కాకెన్‌హీ అనే గ్రాంట్ కింద నిధులిచ్చే పరిశోధనలు అందులో ఉంటాయి, ఇంగ్లిష్‌లో కూడా వెతకొచ్చు. మీ టాపిక్ మాట కొడితే ఎవరికి ఏ ఏడాదినుంచి ఏ ఏడాదిదాకా గ్రాంట్ ఉందో కనిపిస్తుంది. గ్రాంట్ నడుస్తున్న ల్యాబ్ అంటే పని నడుస్తున్న ల్యాబ్. అలాంటివి ఐదారు పట్టుకుని, ప్రతి ప్రొఫెసర్ పేపర్లు రెండైనా పూర్తిగా చదివాకే మెయిల్ రాయండి. మెయిల్ పొట్టిగా ఉండాలి, మీరెవరు, వాళ్ల ఏ పేపర్ చదివారు, మీ ప్రశ్న దానికి ఎలా కలుస్తుంది, అంతే. ఇంటిపేరుతోనే సంబోధించాలి. ఒకే మెయిల్‌ని యాభై మందికి పంపితే వాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది. జవాబు రాకపోతే రెండు వారాలు ఆగి ఒక్కసారి గుర్తుచేయండి. కొన్ని యూనివర్సిటీల్లో నేరుగా ప్రొఫెసర్‌కి రాయకూడదు, అడ్మిషన్స్ ఆఫీస్ ద్వారానే వెళ్లాలి, కాబట్టి మెయిల్ పంపేముందు వాళ్ల వెబ్‌సైట్ చూసుకోండి.

కాగితాల్లో మనవాళ్లు ఇరుక్కునేది ట్రాన్‌స్క్రిప్ట్స్ దగ్గర. సెమిస్టర్ మెమోలు, సీఎంఎం (అన్ని సెమిస్టర్ల మార్కులు కలిపిన మెమో), ప్రొవిజనల్ సర్టిఫికెట్ ఉన్నాయి కదా అనుకుంటారు, కానీ యూనివర్సిటీ సంతకం, సీల్ ఉన్న ట్రాన్‌స్క్రిప్ట్ అడుగుతారు, ఎగ్జామినేషన్ బ్రాంచ్ చుట్టూ తిరిగేసరికి నెల గడిచిపోతుంది. ఫిబ్రవరిలోనే అప్లై చేసి పెట్టుకోండి. హెల్త్ సర్టిఫికెట్ వాళ్లిచ్చిన ఫారం మీదే డాక్టర్ నింపాలి. రికమెండేషన్ లెటర్ ఇచ్చే సార్‌కి మీ ప్లాన్ కాపీ ముందే ఇవ్వండి, లేకపోతే "క్రమశిక్షణ గల విద్యార్థి" అని ఒక్క లైను రాసి ఇస్తారు.

కాగితాల వడపోతలో నిలిస్తే రాతపరీక్ష, ఇంటర్వ్యూ ఉంటాయి. పరీక్షలో ఇంగ్లిష్, జపనీస్ పేపర్లుంటాయి. జపనీస్ రాకపోయినా అప్లై చేయొచ్చు, ఇంగ్లిష్ పేపర్ బాగా రాయండి. పాత ప్రశ్నపత్రాలు జపాన్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే ఉన్నాయి. ఇంటర్వ్యూలో తప్పకుండా వచ్చే ప్రశ్న "జపానే ఎందుకు". దీనికి అనిమే ఇష్టమనో క్రమశిక్షణ నచ్చిందనో చెప్పొద్దు. ఈ స్కాలర్‌షిప్ భారత్, జపాన్ ప్రభుత్వాలు చాలా ఏళ్లుగా నడుపుతున్న సంబంధంలో ఒక భాగం. 1952లో దౌత్య సంబంధాలు మొదలయ్యాయి, 1985లో సైన్స్ అండ్ టెక్నాలజీ ఒప్పందం కుదిరింది. జపాన్‌లోని సుకుబా నగరంలో ఉన్న కెక్ అనే పరిశోధన సంస్థలో భారత శాస్త్రవేత్తల కోసం ప్రత్యేకంగా ఒక బీమ్‌లైన్ (ఎక్స్‌రేలతో పదార్థాలను పరీక్షించే కేంద్రం) నడిచింది, మన కందిలోని ఐఐటీ హైదరాబాద్ క్యాంపస్‌లో జపాన్ రుణంతో కట్టిన భవనాలున్నాయి. మీ పని వీటిలో దేనికి తగులుతుందో, తిరిగొచ్చి ఇక్కడ ఎవరితో కలిసి చేస్తారో చెప్పగలిగితే జవాబుకి బలం వస్తుంది.

రాతపరీక్ష, ఇంటర్వ్యూ పాసైతే ప్రైమరీ స్క్రీనింగ్ సర్టిఫికెట్ ఇస్తారు. చాలామంది ఇక్కడ రిలాక్స్ అయిపోతారు, అది ప్రమాదం. ఆ సర్టిఫికెట్‌తో ఆగస్టు చివరిలోపు యూనివర్సిటీలకి రాసి ప్రొవిజనల్ యాక్సెప్టెన్స్ లెటర్ (మిమ్మల్ని చేర్చుకుంటామనే తాత్కాలిక అంగీకార పత్రం) అడగాలి, అప్పటిదాకా "చూద్దాం" అన్న ప్రొఫెసర్లు కూడా ఇప్పుడు సీరియస్‌గా జవాబిస్తారు. తర్వాత ప్లేస్‌మెంట్ ప్రిఫరెన్స్ ఫారంలో యూనివర్సిటీల పేర్లు వరసగా రాసి పంపాలి. ఆ వరస ఒకసారి పంపాక మార్చుకోవడం కుదరదు, కాబట్టి ల్యాబ్ చూసి రాయండి, ఊరు చూసి కాదు.

ఇంటర్ ఎంపీసీ పిల్లలకి అండర్‌గ్రాడ్యుయేట్ కేటగిరీ వేరే ఉంది. అందులో పరీక్షే ప్రధానం, ఎంపిక అయితే మొదటి ఏడాది జపనీస్ నేర్పిస్తారు, ఆ తర్వాత నాలుగేళ్ల డిగ్రీ.

ఎంపికై వెళ్లాక ఇంకో పరీక్ష ఉంటుందని ముందే తెలుసుకోండి. రీసెర్చ్ స్టూడెంట్‌గా చేరితే అది డిగ్రీ కాదు, మాస్టర్స్‌లోకి వెళ్లడానికి ఆ యూనివర్సిటీ ఎంట్రన్స్ రాయాలి. అది తప్పితే మాస్టర్స్ ఆశ అక్కడితో ఆగిపోవచ్చు. మొదటి వారంలోనే ల్యాబ్ సీనియర్లని పాత పేపర్లు అడిగి తీసుకోండి, కొన్ని చోట్ల అవి జపనీస్‌లోనే ఉంటాయి.