పిల్లల కోసం మాటలు రికార్డు చేసే ముందు జాగ్రత్తలు

నయం కాని జబ్బుతో ఉన్న అమ్మో నాన్నో పిల్లలకు నాలుగు మాటలు దాచిపెట్టాలనుకుంటే, ముందుగా ఇవి చూసుకోండి.

• గొంతు బాగున్నప్పుడే మొదలుపెట్టండి. "కాస్త కోలుకున్నాక చూద్దాం" అని వాయిదా వేయొద్దు. మార్ఫిన్ లాంటి నొప్పి మందులతో మగత రావచ్చు. రోజులో ఏ వేళ హుషారుగా ఉంటున్నారో గమనించి ఆ టైమే పెట్టుకోండి. ఒక్కోసారి 5 నిమిషాలు చాలు.

• ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, ఫ్యాన్ ఆపండి. మొదటి క్లిప్ ఒకసారి వినండి.

• అసలు జాగ్రత్త మాటల దగ్గరే. "నువ్వు డాక్టర్ కావాలి", "తమ్ముడి బాధ్యత నీదే" లాంటివి దయచేసి వద్దు. కాదని చెప్పడానికి ఎదురుగా మనిషి ఉండరు కాబట్టి ఆ మాట జన్మంతా గుదిబండ అవుతుంది. బదులుగా మీకే తెలిసినవి చెప్పండి: పుట్టగానే మీ చూపుడువేలు ఎంత గట్టిగా పట్టుకుందో, ఆ పేరు ఎందుకు పెట్టారో. జబ్బు తన అల్లరి వల్లే వచ్చిందని చిన్నపిల్లలు లోలోపల అనుకోవచ్చు. అది నిజం కాదని తప్పకుండా చెప్పండి.

• ఎవరికి వాళ్ళకి విడిగా, పేరుపెట్టి పిలిచి మాట్లాడండి.

• "నీ పెళ్ళి జరిగే రోజునే చూడాలి" అని షరతు పెట్టకండి. ఆ రోజు చూసే ధైర్యం ఉండకపోవచ్చు. ఎప్పుడు చూడాలో వాళ్ళిష్టం.

• వాట్సాప్‌లో మామూలుగా పంపితే వీడియో క్వాలిటీ తగ్గుతుంది. అసలు ఫైల్ రెండు చోట్ల దాచి, పాస్‌వర్డ్ నమ్మకమైనవాళ్ళకి ఇవ్వండి.

• ఆస్తి సంగతులు ఇందులో కలపొద్దు, వీలునామా వేరుగా రాయించండి.

• మాట్లాడే ఓపిక లేకపోతే, సొంత చేతిరాతతో రెండు లైన్లు రాసినా చాలు.