చలిలో కుదిరిన .308 లోడ్ ఎండలో మొరాయిస్తే

టెక్సాస్‌లో జనవరిలో నా రైఫిల్‌కి నేనే కుదుర్చుకున్న .308 విన్చెస్టర్ లోడ్ (తూటాలో పౌడర్, ప్రైమర్, బుల్లెట్ల కూర్పు) ఆగస్టు ఎండలో కాల్చాక బోల్ట్ (రైఫిల్ గడియ) ఎత్తనివ్వలేదు. ప్రైమర్లు (పౌడర్‌ని అంటించే చిన్న మూతలు) చదునయ్యాయి, కేసు (ఇత్తడి తొడుగు) అడుగున ఎజెక్టర్ (ఖాళీ కేసును బయటికి నెట్టే పిన్ను) అచ్చు మెరుస్తూ కనిపించింది. ఇవి పీడనం మితిమీరిన గుర్తులు. ప్రైమర్ బ్రాండ్, సీటింగ్ లోతు (బుల్లెట్ కేసులో దిగే లోతు), నెక్ బిగింపు (కేసు మెడ బుల్లెట్‌ని పట్టే బిగువు) మార్చినా గుణం లేదు.

పౌడర్ వేడెక్కితే త్వరగా మండుతుంది, పీడనం పెరుగుతుంది. నేను వాడిన బాల్ పౌడర్‌లో (గుండ్రటి గింజల పౌడర్) ఆ తేడా బాగా ఎక్కువ. అందుకే వేడికి అంతగా మారని వార్గెట్ అనే పౌడర్‌కి మారాను. పాత తూకం కొత్త పౌడర్‌కి ఎప్పుడూ వాడకూడదు. లోడింగ్ మాన్యువల్‌లో నా బుల్లెట్‌కి ఇచ్చిన స్టార్ట్ చార్జి (మొదలుపెట్టాల్సిన పౌడర్ తూకం) దగ్గర మొదలుపెట్టి, 0.3 గ్రెయిన్ (పౌడర్ తూచే కొలత) చొప్పున, గరిష్ఠం దాటకుండా పెంచాను. ఇది మండుటెండలోనే చేయాలి. అప్పుడు క్షేమంగా ఉన్న లోడ్ సాధారణంగా చలిలో ప్రమాదం తేదు.

ఆ తర్వాత అసలు పరీక్ష. అదే లోడ్ తూటాలు ఐదు జిప్ కవర్లో కట్టి ఐస్‌బాక్సులో, ఐదు నీడలో, థర్మామీటర్లతో గంటసేపు ఉంచాను. ఛాంబర్‌లో (బ్యారెల్‌లో తూటా కూర్చునే చోటు) పెట్టిన కొన్ని సెకన్లకే కాల్చాలి. కాలిన ఛాంబర్‌లో కాసేపు కూర్చుంటే చల్లటి తూటా కూడా వేడెక్కిపోతుంది, ఇక ఆ అంకె పనికిరాదు. షాట్‌కీ షాట్‌కీ మధ్య బ్యారెల్ చల్లారనిచ్చాను. బుల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ చూపిన సగటు వేగాల తేడాను డిగ్రీల తేడాతో భాగించాను. ఫారన్‌హీట్ డిగ్రీకి సెకనుకు అర అడుగు లోపే వస్తే నాకు చాలు, వచ్చింది. బోల్ట్ కూడా తేలిగ్గా లేచింది.

ఇది నా రైఫిల్, నా లాట్ (ఒకే విడతలో తయారైన పౌడర్) సంగతి. వేరే కాలిబర్‌లో, వేరే ప్రైమర్‌తో ఇంత స్థిరంగా ఉండకపోవచ్చు. డబ్బా మీద లాట్ నంబర్ మారితే నేనైతే తూకం తగ్గించి మళ్లీ మొదలుపెడతాను.