ఈయూ (యూరోపియన్ యూనియన్) చట్టం చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: ఇది ఎవరికి రాసిన చట్టం?

ముందు గత పాఠం చివర ఇచ్చిన అభ్యాసం సంగతి చూద్దాం. పేరులో 'కౌన్సిల్' ఉన్న మూడు సంస్థలను విడదీయమన్నాను. సభ్యదేశాల అధినేతలు, ప్రధానులు కూర్చుని పెద్ద దిశ నిర్ణయించేది యూరోపియన్ కౌన్సిల్. అది చట్టాలు చేయదు. శాఖల వారీగా మంత్రులు సమావేశమై, యూరోపియన్ పార్లమెంటుతో కలిసి చట్టాలను ఆమోదించేది ఈయూ కౌన్సిల్. మూడోదైన కౌన్సిల్ ఆఫ్ యూరప్ అసలు ఈయూ సంస్థే కాదు. 1949లో పుట్టింది, కార్యాలయం స్ట్రాస్‌బర్గ్‌లో, సభ్యదేశాలు 46. యూరోపియన్ మానవ హక్కుల కోర్టు దాని కిందిదే. మనం ఈ పాఠాల్లో మాట్లాడుకునే ఈయూ న్యాయస్థానం లక్సెంబర్గ్‌లో ఉంది. వార్తల్లో ఈ రెండు కోర్టులూ తరచు కలిసిపోతుంటాయి కాబట్టి, ఊరి పేరు చూసే అలవాటు చేసుకోండి.

ఇవాళ్టి పాఠంలో ఒక్కటే పని. ఒక ఈయూ చట్టం చేతికిస్తే, లోపల ఏముందో చదవకముందే అది ఎవరిని ఉద్దేశించి రాశారో చెప్పగలగాలి. చాలామంది నేరుగా మధ్యలోకి దూకి తమకు పనికొచ్చే ఆర్టికల్ పట్టుకుంటారు. ఆ ఆర్టికల్ కాగితం తీసుకెళ్లి కౌంటర్‌లో చూపిస్తే పని జరుగుతుందా లేదా అన్నది మాత్రం చట్టం మొదటి లైను, చివరి లైను చెబుతాయి.

మొదటి లైను

ఈయూ పనితీరు ఒప్పందంలో ఆర్టికల్ 288 అని ఒకటుంది. చట్టాల రకాలు అక్కడే ఉన్నాయి. మనకు ముఖ్యమైనవి రెండు. రెగ్యులేషన్ అయితే సభ్యదేశాలన్నిటిలో యథాతథంగా, నేరుగా అమలవుతుంది. ఏ దేశ పార్లమెంటూ దాన్ని మళ్లీ ఆమోదించనక్కర్లేదు. డైరెక్టివ్ అలా కాదు. ఏ ఫలితం సాధించాలో, ఏ తేదీలోపు సాధించాలో అది ప్రభుత్వాలకు చెబుతుంది. ఎలా సాధించాలన్నది ఆ దేశానికే వదిలేస్తుంది. అంటే ప్రతి దేశమూ తన చట్టాన్ని తానే రాసుకోవాలి. ఇవి కాక, పేరు పెట్టి ఫలానా వారికి ఇచ్చే నిర్ణయాలు, కట్టుబాటు లేని సిఫారసులు కూడా ఉన్నాయి. వాటి జోలికి ఇప్పుడు వెళ్లం.

రకం శీర్షికలోనే ఉంటుంది. నంబరు దగ్గరే తికమక. 2014 చివరి వరకు రెగ్యులేషన్లకు సంఖ్య ముందు, సంవత్సరం తర్వాత రాసేవారు. విమాన ప్రయాణికుల హక్కుల రెగ్యులేషన్ 261/2004 అలాంటిదే. డైరెక్టివ్‌లకు అదే తిరగేసి రాసేవారు, 2004/38 లాగ. 2015 జనవరి 1 నుంచి అన్నిటికీ సంవత్సరమే ముందు. కాబట్టి పాత చట్టమైతే సంఖ్యల వరస చూసి రకం ఊహించవచ్చు, కొత్తదైతే కుదరదు. ఈయూ చట్టాలు దొరికే యూర్-లెక్స్ వెబ్‌సైట్‌లో ప్రతి చట్టానికీ ఇచ్చే కోడ్ అయితే మోసం చేయదు. ఉదాహరణకు 32016ఎల్0801. మొదటి 3 అంటే సంస్థలు చేసిన చట్టమని, తర్వాత సంవత్సరం, 'ఎల్' అంటే డైరెక్టివ్, ఆఖర్న నంబరు. అక్కడ 'ఆర్' ఉంటే రెగ్యులేషన్.

శీర్షిక కింద ఏ ఒప్పందంలోని ఏ ఆర్టికల్ ఇచ్చిన అధికారంతో ఈ చట్టం చేశారో రాసి ఉంటుంది. తర్వాత పీఠిక, అంటే నంబర్లు వేసిన పేరాలు. అవి ఉద్దేశం చెబుతాయి, హక్కులు ఇవ్వవు. వాదనల్లో పీఠిక పేరాను ఆర్టికల్‌లా ఎత్తి చూపేవాళ్లు బోలెడంత మంది. అయితే పీఠిక చివరి పేరాలు మాత్రం వదలకండి. ఫలానా దేశానికి ఈ చట్టం వర్తించదన్న మాట సాధారణంగా అక్కడే దాక్కుని ఉంటుంది.

చివరి లైను

రెగ్యులేషన్ ముగింపులో ఇది పూర్తిగా కట్టుబాటు కలిగినదని, అన్ని సభ్యదేశాల్లో నేరుగా వర్తిస్తుందని ఉంటుంది. డైరెక్టివ్ ముగింపులో ఇది సభ్యదేశాలను ఉద్దేశించినదని ఉంటుంది. దానికి కాస్త పైన గడువు తేదీ ఉంటుంది. ఆ తేదీని పెన్నుతో చుట్టేయండి, ఎందుకో తర్వాత తెలుస్తుంది.

ఇప్పుడు నిజమైన చట్టం తీసుకుందాం. డైరెక్టివ్ 2016/801. ఈయూ బయటి దేశాల నుంచి వచ్చే విద్యార్థులు, పరిశోధకుల ప్రవేశం, నివాసం గురించినది. జర్మనీలోనో స్వీడన్‌లోనో మాస్టర్స్ చేస్తున్న తెలుగువాళ్లకు ఇది సొంత వ్యవహారం కాబట్టే ఎంచుకున్నాను. 2016 మే 11న ఆమోదించారు, గడువు 2018 మే 23. ఆర్టికల్ 25 ప్రకారం చదువు పూర్తయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికో, సొంత వ్యాపారం పెట్టుకోవడానికో కనీసం తొమ్మిది నెలలు ఉండే అవకాశం ఇవ్వాలి. ఆర్టికల్ 24 ప్రకారం చదువుకునే రోజుల్లో పార్ట్‌టైమ్‌కు పెట్టే పరిమితి వారానికి 15 గంటలకు తగ్గకూడదు.

'కనీసం', 'తగ్గకూడదు'. ఇవి ప్రభుత్వానికి చెబుతున్న మాటలు. ఇంతకు తగ్గొద్దు, ఎక్కువ ఇస్తే నీ ఇష్టం అని. జర్మనీ తన నివాస చట్టంలో 18 నెలల వరకు ఇచ్చింది. నెదర్లాండ్స్, స్వీడన్ ఏడాది ఇస్తాయి. కాబట్టి జర్మనీలో ఉన్న విద్యార్థి తొమ్మిది నెలల సంగతి పట్టించుకోనే అక్కర్లేదు. విదేశీయుల కార్యాలయానికి వెళ్లేటప్పుడు అతను తీసుకెళ్లాల్సింది జర్మన్ చట్టంలోని సెక్షన్ నంబరు, డైరెక్టివ్ నంబరు కాదు. ఏ దేశం ఏ చట్టంతో డైరెక్టివ్‌ను తెచ్చుకుందో యూర్-లెక్స్‌లో ఆ డైరెక్టివ్ పేజీలోనే దేశాల వారీగా దొరుకుతుంది.

అదే ఆర్టికల్ 25లో ఇంకో రకం వాక్యాలూ ఉన్నాయి. కనీసం మూడు నెలలు గడిచాక, ఉద్యోగం దొరికే నిజమైన అవకాశం ఉందని రుజువు చూపమని దేశాలు అడగవచ్చు. ఏ స్థాయి డిగ్రీ ఉండాలో కూడా నిర్ణయించుకోవచ్చు. నా లెక్కలో డైరెక్టివ్ చదవడమంటే సగం పని ఈ 'చేయాలి', 'చేయవచ్చు'లను వేరు చేయడమే. 'చేయవచ్చు' అన్న ప్రతిచోటా సమాధానం డైరెక్టివ్‌లో ఉండదు, దేశ చట్టంలో వెతకాలి.

పీఠిక చివరికి వెళ్తే ఐర్లాండ్, డెన్మార్క్‌లకు ఈ డైరెక్టివ్ వర్తించదని కనిపిస్తుంది. వలస విషయాల్లో ఆ రెండు దేశాలకూ ఒప్పందాలకు జోడించిన ప్రత్యేక ప్రోటోకాల్స్ ఉన్నాయి. అందుకే డబ్లిన్‌లో చదివేవాళ్లకు ఆర్టికల్ 25తో పనే లేదు. అక్కడ మాస్టర్స్ చేసినవాళ్లకు దొరికే రెండేళ్ల వరకు గడువు ఐర్లాండ్ సొంత పథకం.

గడువు దాటితే?

పెన్నుతో చుట్టిన తేదీ ఇక్కడ పనికొస్తుంది. ప్రభుత్వం గడువులోపు చట్టం తేకపోతే పౌరుడు ఏం చేయాలి? దీనికి నాకు అన్నిటికన్నా బాగా నచ్చే జవాబు 1979 ఏప్రిల్ 5 నాటి రట్టి తీర్పు.

ఇటలీలో ఒక కంపెనీ సాల్వెంట్లు, వార్నిష్‌లు తయారుచేసేది. వాటి డబ్బాల మీద రెండు ఈయూ డైరెక్టివ్‌ల ప్రకారం లేబుళ్లు వేసింది. ఇటలీ అప్పటికి ఆ రెండింటినీ తన చట్టంలోకి తెచ్చుకోలేదు. 1963 నాటి ఇటలీ చట్టమేమో బెంజీన్, టొలూయీన్, జైలీన్ మొత్తం ఎంత శాతం ఉన్నాయో, విడిగా బెంజీన్ ఎంత ఉందో కూడా లేబుల్ మీద ఉండాలంటుంది. అలా లేదని కంపెనీ ప్రతినిధి రట్టి మీద మిలాన్‌లో క్రిమినల్ కేసు పెట్టారు. అక్కడి న్యాయమూర్తి లక్సెంబర్గ్‌కు ప్రశ్న పంపారు.

సాల్వెంట్ల డైరెక్టివ్ గడువు 1974 డిసెంబరులోనే దాటిపోయింది. వార్నిష్‌ల డైరెక్టివ్ గడువు 1979 నవంబరు, అంటే ఇంకా రాలేదు. కోర్టు ఒకే మనిషికి రెండు జవాబులిచ్చింది. సాల్వెంట్ల విషయంలో, తాను చేయాల్సిన పని చేయని ప్రభుత్వం ఆ తప్పును అడ్డుపెట్టుకుని పౌరుణ్ని శిక్షించకూడదు. వార్నిష్‌ల విషయంలో, గడువు తీరేదాకా ఆ డైరెక్టివ్‌ను నమ్ముకోవడానికి వీల్లేదు. తేదీ ఒక్కటే తేడా! అయితే గడువు దాటడంతోనే సరిపోదు. ఆ నిబంధన స్పష్టంగా, షరతుల్లేకుండా ఉండాలి. 'చేయవచ్చు' అన్న వాక్యంతో ఎవరూ కోర్టుకెక్కలేరు.

ఇంకో హద్దు కూడా ఉంది. ఈ ఆయుధం ప్రభుత్వం మీదే పనిచేస్తుంది. 1986 నాటి మార్షల్ కేసు చూడండి. మార్షల్ అనే ఉద్యోగిని యజమాని, అప్పట్లో సభ్యదేశమైన బ్రిటన్‌లోని సౌతాంప్టన్ ప్రాంతపు ప్రభుత్వ ఆరోగ్య సంస్థ. ఆడవాళ్లకు 60, మగవాళ్లకు 65 అన్న రిటైర్మెంట్ విధానం ప్రకారం ఆమెను 62 ఏళ్లకు తొలగించారు. సమానత్వ డైరెక్టివ్ చూపించి ఆమె గెలిచింది. కానీ అదే తీర్పులో కోర్టు, డైరెక్టివ్ దానంతటదే ప్రైవేటు వ్యక్తుల మీద బాధ్యత పెట్టదని చెప్పింది. మరి ప్రైవేటు యజమాని దగ్గర నష్టపోయినవాళ్ల మాటేమిటంటే, కొన్ని షరతులకు లోబడి తమ ప్రభుత్వం మీదే నష్టపరిహారం దావా వేయవచ్చు. అది 1991 ఫ్రాంకోవిచ్ తీర్పు. దాని గురించి విడిగా ఒక పాఠం ఉంటుంది.

రెగ్యులేషన్‌కు ఈ బాధలేవీ లేవు. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి హైదరాబాద్ విమానం మూడు గంటలకు మించి ఆలస్యంగా చేరితే 261/2004 నంబరు వేసి నేరుగా ఎయిర్‌లైన్‌కే రాయవచ్చు. పరిహారం 600 యూరోల వరకు ఉంటుంది. అసాధారణ పరిస్థితులు కారణమైతే రాదు. ఈయూ విమానాశ్రయం నుంచి బయల్దేరితే ఏ దేశపు ఎయిర్‌లైన్ అయినా ఇది వర్తిస్తుంది. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు వచ్చేటప్పుడు మాత్రం ఈయూ ఎయిర్‌లైన్ అయితేనే. రానూపోనూ టికెట్ ఒకేసారి కొన్నా ఇదే లెక్క అని 2008లో కోర్టు తేల్చింది. ఇంకో తమాషా, మీరు ఆ రెగ్యులేషన్ మొత్తం వెతికినా ఆలస్యానికి ఈ పరిహారం ఇవ్వాలన్న ఆర్టికల్ దొరకదు. అందులో ఉన్నది విమానం రద్దయితే, ఎక్కనివ్వకపోతే ఇచ్చే పరిహారమే. మూడు గంటల ఆలస్యానికీ అది వర్తిస్తుందని 2009 స్టర్జన్ తీర్పు చెప్పింది. కాబట్టి చట్టం చదివాక తీర్పులు కూడా చూడక తప్పదు.

అభ్యాసం

యూర్-లెక్స్ తెరిచి, ఈయూ బయటి దేశాల నుంచి వచ్చే నిపుణులైన ఉద్యోగులకు ఇచ్చే బ్లూ కార్డ్ చట్టం 2021/1883 తీయండి. తెలుగు అక్కడి 24 అధికార భాషల్లో లేదు కాబట్టి ఇంగ్లిష్ ప్రతి చాలు. తర్వాత వచ్చిన సవరణలు కలిపిన ప్రతి ఉంటే అదే చదవండి. నాలుగు ప్రశ్నలకు జవాబు రాయాలి. ఇది రెగ్యులేషనా, డైరెక్టివా? గడువు ఎప్పుడు? ఏ దేశాలకు వర్తించదు? ఆర్టికల్ 5లో జీతం షరతు ఆ దేశపు సగటు వార్షిక జీతానికి 1.0 రెట్లకు తగ్గకుండా, 1.6 రెట్లకు మించకుండా ఉండాలని ఉంది. మధ్యలో అంకెను ఎంచుకునేది ఎవరు, దాన్ని ఎక్కడ వెతకాలి?

అయిదో పాఠంలో, మిలాన్ న్యాయమూర్తి లక్సెంబర్గ్‌కు ప్రశ్న పంపారన్నానే, ఆ పద్ధతి చూద్దాం. ఒక డచ్ దిగుమతి కంపెనీ 3 శాతం సుంకం 8 శాతం అయిందని వేసిన కేసులో 1963లో వచ్చిన తీర్పుతో మొదలుపెడతాం.