డీలరును ఒప్పించడం - 4: ఐదు అంటే ఎన్ని?

మూడో పాఠం చదివి దుకాణాలకు వెళ్లినవారిలో చాలామంది చీవాట్లు తిని వచ్చారు. తప్పులో సగం నాది. డీలర్లను ఆర్డరు వాట్సాప్ ఫొటోగా కాక, సరుకుల బార్‌కోడ్ సంఖ్యలతో ఫైలుగా పంపించమనండి అన్నాను గాని, విడి సరుకు కోడా, పెట్టె కోడా చెప్పలేదు. విశాఖ డాబాగార్డెన్స్‌లో ఒక ఎలక్ట్రికల్ డీలరు మన మాట నమ్మి స్విచ్చుల ఆర్డరు అలాగే పంపారు. ఆయనకు కావలసినవి 5 పెట్టెలు, అంటే 100 స్విచ్చులు. విడి స్విచ్చు కోడ్ పక్కన 5 అని పడటంతో గాజువాక గోదాము నుంచి అయిదే స్విచ్చులు దిగాయి. ఆటో కిరాయికి కూడా చాలని సరుకు! "మా గుమస్తా చీటీ రాస్తే ఏనాడూ ఇలా కాలేదు" అన్నారట. నిజమే. చీటీ చదివేవాడికి ఆ దుకాణం సంగతి తెలుసు, కంప్యూటరుకు తెలియదు.

కాబట్టి ఈసారి చెప్పాలనుకున్న ధరల పట్టిక పక్కన పెడుతున్నాను. ఫైలు నింపడం మీకు వచ్చు, అదీ వదిలేస్తున్నాను. ముందు కోడ్ల సంగతి చూద్దాం.

విడి సరుకు బార్‌కోడ్ కింద 13 అంకెలుంటాయి. బార్‌కోడ్ సంఖ్యలు కేటాయించే సంస్థ జీఎస్1 భారత శాఖ ఇచ్చినవైతే 890తో మొదలవుతాయి. పెట్టెకు వేరే సంఖ్య, తరచుగా 14 అంకెలది. మీలో కొందరు 13 అంకెల ముందు 1 తగిలించి, పెట్టె కోడ్ తయారైందనుకున్నారు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ముందు 1 చేరిస్తే చివరి అంకె కూడా మారాలి. చివరిది తనిఖీ అంకె, సంఖ్యలో తప్పు పడితే పట్టించేది. దాన్ని తీసేసి, మిగిలిన అంకెలను కుడి నుంచి ఎడమకు 3, 1, 3, 1 చొప్పున గుణించి కూడండి. ఆ మొత్తం పదితో భాగింపబడాలంటే ఇంకెంత కలపాలో అదే తనిఖీ అంకె. ఉదాహరణకు 8901234567890లో మొత్తం 130, కనుక చివర 0. ముందు 1 చేరితే మొత్తం 133 అవుతుంది, చివర 7 రావాలి: 18901234567897. లెక్క వచ్చింది కదా అని మీరే కోడ్ పుట్టించకండి. ఆ మొదటి అంకె 1 నుంచి 8 వరకు ఏదైనా కావచ్చు, అది తయారీదారు ఇష్టం. పెట్టె మీద ఉన్నదే రాసుకోండి.

ఇక ఒప్పించడం. దుకాణంలో "ప్రమాణాలు" అన్న మాట ఎత్తవద్దు, ఎత్తితే మిమ్మల్ని పన్నుల శాఖ మనిషి అనుకుంటారు. నేనైతే యజమాని కంటే ముందు గుమస్తాతో మాట్లాడతాను, అదీ బేరాలు మొదలుకాక ముందే. 5 కోట్ల టర్నోవరు దాటిన డీలర్లు 2023 ఆగస్టు 1 నుంచి ఇతర వ్యాపారులకు ఇచ్చే బిల్లులను ప్రభుత్వ పోర్టల్‌లో ఈ-ఇన్వాయిస్‌గా, అంటే ఎలక్ట్రానిక్ బిల్లుగా, నమోదు చేస్తున్నారు. అందులో పీసులా, బాక్సులా అని నింపేది గుమస్తాయే. "అమ్మేటప్పుడు చేస్తున్నదే కొనేటప్పుడూ చేయండి" అంటే చాలు. పూర్ణామార్కెట్ చుట్టుపక్కల చిన్న దుకాణాలకు ఈ మాట పనిచేయదు. అక్కడ మొదటి నెల ఒక్క సరుకుతోనే మొదలుపెట్టండి.

అభ్యాసం: ఒక డీలరు కిందటి నెల ఆర్డరు పుస్తకం అడిగి తీసుకుని, ప్రతి వరుసకూ కోడ్, పీసా పెట్టెనా, పెట్టెలో ఎన్ని అన్నవి రాయండి. తనిఖీ అంకెలన్నీ చేత్తో లెక్కకట్టి సరిచూడండి. తర్వాత గుమస్తా చేతికి ఎర్ర సిరా కలం ఇచ్చి దిద్దమనండి. ఒక్క గీతా పడకపోతే ఆయన చదవలేదన్నమాట, మర్నాడు మళ్లీ వెళ్లండి.