పెళ్లికి ముందు రాసుకున్న కాగితం కోర్టులో నిలుస్తుందా?
హన్మకొండలో మా అక్క కూతురి పెళ్లి కుదిరినప్పుడు బావ అడిగాడు, "విడిపోతే ఎవరి ఆస్తి వాళ్లదే, భరణం అడగను" అని ఇద్దరితో వంద రూపాయల స్టాంప్ పేపర్ మీద రాయిస్తే టెన్షన్ ఉండదు కదా అని. ఉంటుంది బావా అన్నాను.

గోవా సంగతి వేరు, అక్కడ పాత పోర్చుగీసు సివిల్ కోడ్ ప్రకారం పెళ్లికి ముందు ఒప్పందం చెల్లుతుంది. మన దగ్గర హిందూ పెళ్లిళ్లకు అలాంటి చట్టం లేదు. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 23వ సెక్షన్ ప్రకారం ప్రజాహితానికి విరుద్ధమైన ఒప్పందం చెల్లదు, భరణం వదులుకుంటానన్న మాటని కోర్టులు సాధారణంగా ఆ లెక్కలోనే చూస్తాయి.

దానికన్నా పెళ్లి కానుకల లిస్టు రాయండి. 1985 వరకట్న నిషేధ నిబంధనల్లో ఉన్నదే ఇది: కానుక ఏంటి, సుమారు విలువ ఎంత, ఎవరిచ్చారు, వాళ్లు ఏమవుతారు, కింద వధూవరుల సంతకాలు. అమ్మాయికి వచ్చిన వాటి లిస్టు అమ్మాయి దగ్గరే ఉండాలి. ఒడిబియ్యంలో పెట్టిన వెండి గిన్నె కూడా రాయండి, మొహమాటపడకండి (కట్నం మాత్రం లిస్టులో రాసినా నేరమే). బంగారం బిల్లులు అమ్మాయి పేరు మీద తీసుకోండి. ప్లాటు కలిసి కొంటే రిజిస్ట్రేషన్ ఇద్దరి పేరునా చేయించి, డబ్బు బ్యాంకు ద్వారానే కట్టండి.

ఒకవేళ విడిపోవాల్సే వస్తే, హిందూ వివాహ చట్టం 13బి కింద ఇద్దరూ ఒప్పుకుని రాసుకునే సెటిల్‌మెంట్‌కి బలం ఉంటుంది. దాన్ని కోర్టు ఇచ్చే విడాకుల డిక్రీలో చేర్పించండి, మాట తప్పితే అమలు చేయించమని కోర్టుకి వెళ్లొచ్చు.