చిన్న స్వచ్ఛంద సంస్థకు తక్కువ ఖర్చులో ఇంటర్నెట్ భద్రత ఏర్పాటు చేసుకోవడం ఎలా?

నలుగురైదుగురు ఉద్యోగులు, వచ్చీపోయే వాలంటీర్లు, ఎవరో ఇచ్చిన పాత ల్యాప్‌టాప్‌లు. చిన్న సంస్థలు చాలావరకు ఇలాగే నడుస్తాయి. "మన దగ్గర ఏముందని హ్యాక్ చేస్తారు?" అనిపిస్తుంది. దాతల బ్యాంకు వివరాలు, సాయం పొందినవాళ్ల వివరాలు ఉన్నాయి కదా! అలాగని వెంటనే ఏదో భద్రతా సేవల కంపెనీకి నెలనెలా డబ్బు కట్టే ఒప్పందం చేసుకోకండి. ఉచితంగా అయ్యే పనులు ముందు ముగించండి. లేదంటే మనం చేసుకోగలిగే పనులకే బిల్లు కడుతూ ఉంటాం.

1. ఏమేం ఉన్నాయో రాసుకోండి

ఎన్ని కంప్యూటర్లు, ఏయే ఈమెయిల్ ఖాతాలు, అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంది, డొమైన్ (వెబ్‌సైట్ చిరునామా పేరు) ఎవరి పేరున ఉంది? అన్నీ ఒక షీట్‌లో పెట్టండి. నేను పనిచేసిన ఒక సంస్థలో డొమైన్ ఒక పాత వాలంటీర్ సొంత ఈమెయిల్ మీద ఉండేది. ఆయన మానేశాక రెన్యువల్ నోటీసులు ఎవరికీ కనబడలేదు. ఒకరోజు పొద్దున చూస్తే వెబ్‌సైట్ లేదు, మెయిళ్లూ ఆగిపోయాయి. ఏ హ్యాకరూ రాకుండానే అంత టెన్షన్! డొమైన్ సంస్థ పేరు మీదే ఉండాలి, అడ్మిన్ హక్కులు కనీసం ఇద్దరికి ఉండాలి.

2. సంస్థలకు ఉచితంగా వచ్చేవి తీసుకోండి

అర్హత ఉన్న లాభాపేక్షలేని సంస్థలకు గూగుల్, మైక్రోసాఫ్ట్ ఈమెయిల్, ఫైల్ స్టోరేజీ సేవలను ఉచితంగానో తగ్గింపు ధరకో ఇస్తాయి. రిజిస్ట్రేషన్ పత్రాలు సిద్ధంగా ఉంచుకోండి. మానవ హక్కులు, స్వతంత్ర జర్నలిజం లాంటి రంగాల్లో ఉండి దాడుల భయం ఉన్న వెబ్‌సైట్ల కోసం క్లౌడ్‌ఫ్లేర్ అనే ఇంటర్నెట్ భద్రతా కంపెనీ 2014లో మొదలుపెట్టిన ప్రాజెక్ట్ గెలీలియో అనే ఉచిత రక్షణ పథకం ఉంది. దానికీ దరఖాస్తు చేయవచ్చు.

3. ఖాతాలకు రెండో తాళం వేయండి

ఈమెయిల్, బ్యాంకు, వెబ్‌సైట్ అడ్మిన్ అన్నిటికీ రెండంచెల ధృవీకరణ (పాస్‌వర్డ్‌తో పాటు ఒక కోడ్ కూడా అడగడం) పెట్టండి. ఎస్సెమ్మెస్ కోడ్ కన్నా ఫోన్‌లోనే కోడ్ తయారుచేసే ఆథెంటికేటర్ యాప్ మేలు. వాట్సాప్ గ్రూపులో పాస్‌వర్డ్ పంపే అలవాటు మానేసి, పాస్‌వర్డ్‌లన్నీ భద్రంగా దాచే పాస్‌వర్డ్ మేనేజర్ యాప్ వాడండి. ఎవరైనా మానేస్తే ఆరోజే వాళ్ల ఖాతా మూసేయాలి. మొహమాటం వద్దు.

4. కంప్యూటర్లు, రూటర్ చూసుకోండి

2017 మేలో వానాక్రై అనే, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే హానికర ప్రోగ్రామ్ ప్రపంచమంతా విండోస్ లోపం ద్వారా కంప్యూటర్లను లాక్ చేసింది. ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది! కాబట్టి అప్‌డేట్లు ఆటోమేటిక్‌గా పెట్టేయండి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విరాళంగా వచ్చిన పాత ల్యాప్‌టాప్‌లకు విండోస్ 11 ఎక్కకపోతే లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసి వాడుకోవచ్చు.

రూటర్‌తో వచ్చిన పాస్‌వర్డ్ మార్చి, దాని సెట్టింగుల్లో డీఎన్ఎస్ (సైట్ పేరును నంబరు చిరునామాగా మార్చే సేవ) దగ్గర 9.9.9.9 అని ఇవ్వండి. ఇది క్వాడ్9 అనే లాభాపేక్షలేని సంస్థ ఉచితంగా నడిపే సేవ. హానికరమని తెలిసిన సైట్లను తెరుచుకోనివ్వదు.

ముఖ్యమైన ఫైళ్లకు ఒక బ్యాకప్ కంప్యూటర్‌కు తగిలించకుండా విడిగా ఉంచండి. అప్పుడప్పుడు అందులోంచి ఒక ఫైల్ తిరిగి తీసి చూడండి.

5. ఇప్పుడు భద్రతా సేవల కంపెనీతో మాట్లాడండి

మనం చేయలేనిది ఒక్కటే, రాత్రీపగలూ కనిపెట్టుకుని ఉండటం. డబ్బు కట్టాల్సింది దానికే. ఈ ప్రశ్నలు అడగండి:

- రాత్రి రెండింటికి అలర్ట్ వస్తే మనిషి చూస్తాడా, మాకు మెయిల్ పంపి ఊరుకుంటారా?
- వైరస్ పట్టిన కంప్యూటర్‌ను మీరే నెట్‌వర్క్ నుంచి తప్పిస్తారా? దానికి వేరే బిల్లు ఉంటుందా?
- మేము మానేస్తే డేటా, అడ్మిన్ హక్కులు ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారు?

మూడోదానికి నీళ్లు నమిలితే అక్కడితో లేచి రండి. కంపెనీకి పని చేయడానికి వేరే ఖాతా ఇవ్వండి, ప్రధాన అడ్మిన్ ఖాతా మీ దగ్గరే ఉండాలి. స్వచ్ఛంద సంస్థలకు తగ్గింపు ఉందేమో అడగండి, కొందరు అడిగితేనే చెబుతారు. మొదట రెండు మూడు కంప్యూటర్లకే తీసుకుని చూడండి. మూడేళ్ల ఒప్పందం వద్దు.

6. ఒకసారి పరీక్షించండి

ఐకార్ టెస్ట్ ఫైల్ అని ఒకటుంది. యాంటీవైరస్ పనిచేస్తోందా అని చూడటానికే తయారుచేసినది, ఏ హానీ చేయదు. ఒప్పందంలో అభ్యంతరం లేకపోతే, ఒక కంప్యూటర్‌లో దాన్ని డౌన్‌లోడ్ చేయండి. కంపెనీ ఫోన్ చేయకపోయినా ఫరవాలేదు, ఆ నెల రిపోర్టులో మాత్రం అది కనబడాలి. కనబడలేదంటే, మిగతా కంప్యూటర్లను చేర్చే ముందు కారణం అడగండి.