పీహెచ్‌డీ స్కాలర్‌ను థీసిస్ దాకా నడిపించడం ఎలా?

కొత్తగా చేరిన స్కాలర్ మొదట పట్టుకొచ్చే టాపిక్ ఇలా ఉంటుంది: "పాలమూరు వలసలు: ఒక పరిశీలన". నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీలోనైనా, మహబూబ్‌నగర్ పాలమూరు యూనివర్సిటీలోనైనా కొత్త గైడ్లు ఇక్కడే మొహమాటపడతారు. బాగుందని సంతకం పెట్టేస్తే ఆ తర్వాత ఏళ్ల తరబడి తిప్పలే.

ముందు టాపిక్‌ను కోయండి. ఎవరు, ఎక్కడ, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా, ఏం మారింది? ఇవి అడుగుతూ పోతే అది ప్రశ్నగా మారుతుంది: ఒకే మండలంలో రెండు ఊళ్లు, ఒకదానికి కాలువ నీళ్లొచ్చాయి, రెండోదానికి రాలేదు. నీళ్లొచ్చిన ఊళ్లో బొంబాయి పోవడం ఆగిందా? ఆగకపోతే ఎందుకు?

తర్వాత శోధ్‌గంగలో (మన యూనివర్సిటీల థీసిస్‌లు ఆన్‌లైన్‌లో దొరికే చోటు) ఇదే విషయం మీదున్న థీసిస్‌లు చదివించండి. సారాంశాలు రాయించొద్దు, అవి ఎవరికీ పనికిరావు. ఒక్కో థీసిస్ ఏ ప్రశ్నను వదిలేసిందో ఒక పేజీ రాయమనండి.

లెక్కల దగ్గర మాత్రం పక్కన కూర్చోవాలి. 2016 అక్టోబరు 11న పాత నల్లగొండ మూడు జిల్లాలైంది. పాత మహబూబ్‌నగర్ నుంచి వనపర్తి, నాగర్‌కర్నూల్, జోగుళాంబ గద్వాల విడిపోయాయి, కొన్ని మండలాలు రంగారెడ్డిలో కలిశాయి. 2019లో నారాయణపేట వేరైంది. 2011 జనాభా లెక్కలేమో పాత జిల్లాలవి. ఆ అంకె పక్కన 2020 అంకె పెట్టి "జిల్లాలో జనం సగానికి తగ్గారు" అని రాస్తే, తగ్గింది జనం కాదు, జిల్లా. మండలాలు కూడా కొత్తవి పుట్టాయి కాబట్టి ఊళ్ల లెక్కలు తీసి, రెండు కాలాలకూ ఒకే హద్దులో కూడించండి. విసుగు పని, కానీ తప్పదు.

ఫీల్డ్‌వర్క్‌కు పండగ రోజులు చూసుకోమనండి. దసరాకు ఊరు చేరినవాళ్లు తీరిగ్గా మాట్లాడతారు. "నెలకెంత సంపాదిస్తవు?" అంటే నోటికొచ్చిన అంకె చెప్తారు. "మేస్త్రి దగ్గర ఎంత అడ్వాన్స్ తెచ్చుకున్నవు, ఎన్ని నెలలకు తెగింది?" అని అడిగితే అప్పు, కూలి, కోతలు అన్నీ బయటికొస్తాయి. అనుమతి తీసుకొని రికార్డు చేయాలి, ఆ రాత్రే రాసుకోవాలి.

రాత మొదలుపెట్టడానికి డేటా అంతా రావాలని ఎదురుచూడనివ్వొద్దు. చేతిలో లెక్కలున్న చాప్టర్ ముందు, ఉపోద్ఘాతం చివర. పదిహేను రోజులకోసారి కలవండి, ఒట్టి చేతులతో రావద్దని చెప్పండి, రెండు పేజీలైనా చాలు. మొదటి డ్రాఫ్టులో అక్షర దోషాలు దిద్దుతూ కూర్చోకండి, "దీనికి ఆధారమేది?" అని పక్కన రాసి వదిలేయండి. మీరే తిరగరాసి ఇస్తే పని త్వరగా అవుతుంది, స్కాలర్‌కు మాత్రం రాత రాదు.

2022 యూజీసీ నిబంధనల ప్రకారం కోర్సువర్క్ కనీసం 12 క్రెడిట్లు, గడువు కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 6. మహిళలకు మరో 2 ఏళ్ల సడలింపు ఉంది. సెమిస్టర్‌కోసారి సలహా కమిటీ ముందు ప్రగతి చూపాలి. థీసిస్‌లో ఇతరుల రాతలతో పోలికల శాతం 10 దాటితే చిక్కు, కాబట్టి చాప్టర్ అయినప్పుడల్లా తనిఖీ చేయించండి.

వైవాకు, అంటే చివరి మౌఖిక పరీక్షకు, ముందు వేరే డిపార్ట్‌మెంట్ వాళ్లను కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగించండి. "ఈ రెండు ఊళ్లే ఎందుకు?" అన్న ప్రశ్న రాక మానదు. దాని జవాబు మెథడాలజీ చాప్టర్‌లో ముందే ఉండాలి.